తప్పెవరిది? మనోవ్యాధుల చరిత్రలో మూడు ఘట్టాలు

ఆరోగ్య ప్రసంగాలు ప్రసారమైన వారాలలో మా కేంద్రానికి ఉత్తరాలు ఎక్కువగా వస్తాయి. మధుమేహాన్ని గురించో, కీళ్ల నొప్పులను గురించో అడిగే శ్రోతలు తమ పేరు, ఊరు, వయస్సు, వాడుతున్న మందులు అన్నీ విపులంగా వ్రాస్తారు. మనస్సుకు వచ్చే జబ్బులను గురించి అడిగేవారిలో మాత్రం చాలమంది పేరు వ్రాయరు. అటువంటి ఉత్తరం ఒకటి కొంతకాలంగా నా బల్లమీద ఉన్నది. అందులో ఉన్నవి నాలుగే వాక్యాలు. "మా అబ్బాయికి మూడేండ్లుగా మతి స్థిమితం లేదు. ఇది మెదడు జబ్బా, మనస్సు జబ్బా? తప్పు వాడిదా, మా పెంపకానిదా, మా వంశానిదా? దయచేసి రేడియోలో చెప్పండి."

ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. మొదటిది శాస్త్రానికి సంబంధించినది. రెండవది ఒక తల్లికో తండ్రికో నిద్ర పట్టనివ్వనిది. నేను వైద్యుణ్ణి కాను. ఆ అబ్బాయి జబ్బేమిటో చెప్పే అర్హత నాకు లేదు. కాని రెండవ ప్రశ్నకు చరిత్రలో ఒక సమాధానం ఉన్నది. మనోవ్యాధి కనిపించినప్పుడు లోకం తరచుగా ముందు వేసిన ప్రశ్న "తప్పెవరిది?" అన్నదే. ఆ ప్రశ్నను పట్టుకొని కూర్చున్నంతకాలం జబ్బు తెలియరాలేదు. దానిని పక్కన పెట్టి "ఏమి జరిగినది?" అని ఎవరో ఒకరు అడిగిననాడు దారి కనిపించినది. ఇందుకు మూడు నిదర్శనాలు మనవి చేస్తాను.

మొదటిది ఫ్రాన్సు దేశపు కథ. పందొమ్మిదవ శతాబ్దంలో ఐరోపాలోని పిచ్చాసుపత్రులలో ఒక విధమైన రోగులు చాలమంది ఉండేవారు. వారిలో నడివయస్సు పురుషులు ఎక్కువ. నిన్నటిదాకా బాధ్యతగా ఉద్యోగం చేసుకొన్న మనిషి ఒకనాడు తాను చక్రవర్తినని, తన వద్ద కోట్ల ధనం ఉన్నదని చెప్పడం మొదలుపెట్టేవాడు. క్రమంగా మాట తడబడేది, కాళ్లు తూలేవి. చివరకు మతి పూర్తిగా పోయి, పక్షవాతంతో మంచానపడి, కొద్ది ఏండ్లలో మరణించేవాడు. ఈ జబ్బుకు జనరల్ పారసిస్ అని పేరు. విచ్చలవిడి జీవితం, తాగుడు, దుఃఖం, మితిమీరిన ఆలోచన అని దీనికి కారణాలు చెప్పుకొనేవారు. అంటే రోగి నడవడిలోనే ఎక్కడో లోపం ఉన్నదని భావించినారు.

1822లో పారిస్ దగ్గర షారెంటన్ ఆసుపత్రిలో ఆంట్వాన్ బేల్ అనే యువ వైద్యుడు, చనిపోయిన అటువంటి రోగుల మెదళ్లను పరీక్షించి, మెదడును కప్పి ఉండే పొరలలో దీర్ఘకాలపు వాపు జాడలున్నవని తన సిద్ధాంత వ్యాసంలో వ్రాసినాడు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై మూడేండ్లు. మతి చలించడానికీ మెదడులో కంటికి కనిపించే మార్పుకూ సంబంధం చూపిన తొలి రచనలలో అది ఒకటి. పెద్దలు వెంటనే ఒప్పుకోలేదు. ఆ వాపు ఎందుకు వచ్చినదో తేలడానికి మరి తొంభై ఏండ్లు పట్టినది. జబ్బుకు మూలం సవాయి రోగమేనన్న అనుమానం 1857 నుంచి బలపడుతూ వచ్చినది. సవాయిని కలిగించే సూక్ష్మజీవిని 1905లో జర్మనీలో షౌడిన్, హాఫ్‌మన్ అనేవారు గుర్తించినారు. 1913లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో పనిచేస్తున్న జపాను శాస్త్రజ్ఞుడు హిడెయో నొగుచి, ఆయన సహచరుడు మూర్ కలిసి, ఈ రోగంతో మరణించినవారి మెదడు కణజాలంలోనే ఆ సూక్ష్మజీవిని చూపించినారు. ఎప్పుడో పది, ఇరవై ఏండ్ల కిందట శరీరంలో ప్రవేశించిన క్రిమి నెమ్మదిగా మెదడును తినివేస్తూ ఉండగా, లోకం ఆ మనిషి గుణాన్ని విచారిస్తూ కూర్చున్నది.

చికిత్స కూడ విచిత్రంగానే వచ్చినది. తీవ్రమైన జ్వరం వచ్చి తగ్గిన తరువాత కొందరు పిచ్చివారు తేరుకొనడాన్ని గమనించిన వియన్నా వైద్యుడు వాగ్నర్ యౌరెగ్, 1917లో మలేరియా సోకిన ఒక సైనికుని రక్తాన్ని పారసిస్ రోగులకు ఎక్కించినాడు. జ్వరం కొన్నిమార్లు వచ్చిన తరువాత క్వినైను ఇచ్చి దానిని ఆపినాడు. కొందరు కోలుకొన్నారు, కొందరు చనిపోయినారు. అంతకు ఇరవై ఏండ్ల ముందు, 1897లో, మన సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో కనిపెట్టినది ఈ మలేరియా పరాన్నజీవినే. ఒక రోగాన్ని మరొక రోగంతో కొట్టిన ఈ పద్ధతికి 1927లో నోబెల్ బహుమానం లభించినది. 1940 తరువాతి దశాబ్దంలో పెన్సిలిన్ వచ్చి, ఆ ప్రమాదకరమైన చికిత్సతో పనిలేకుండా చేసినది. సవాయిని మొదటి దశలోనే నయం చేయగలిగినందువల్ల, ఒకప్పుడు ఆసుపత్రి గదులను నింపిన ఆ ఉన్మాదం ఈనాడు చాల అరుదైపోయినది.

రెండవ కథ సూక్ష్మదర్శినితో తేలినది కాదు. వంటింటిలో తేలినది.

1735లో స్పెయిన్ దేశపు ఆస్టూరియాస్ ప్రాంతంలో గాస్పర్ కసాల్ అనే వైద్యుడు బీద రైతులలో ఒక రోగాన్ని చూచినాడు. ఎండ తగిలే చోట్ల, ముఖ్యంగా చేతులమీద, మెడచుట్టు, చర్మం ఎర్రబడి, నల్లబడి, పొలుసులు లేచేది. తరువాత విరేచనాలు. ఆపైన దిగులు, భ్రమలు, మతిమరపు. ఇటలీలో దీనిని పెల్లాగ్రా అన్నారు. గరుకు చర్మమని దాని అర్థం. ఉత్తర ఇటలీలో మొక్కజొన్న గంజితో పొట్ట పోసుకొనే కూలీలెందరో ఈ జబ్బుతో పిచ్చాసుపత్రులలో చేరినారు.

ఇరవయ్యవ శతాబ్దపు తొలి ఏండ్లలో అమెరికా దక్షిణ రాష్ట్రాలలో ఈ రోగం విజృంభించినది. 1907లో అలబామాలో నల్లజాతివారి కోసం ఉన్న ఒక పిచ్చాసుపత్రిలో ఇది ప్రబలినదని సీర్సీ అనే వైద్యుడు ప్రకటించినాడు. ఇది అంటురోగమని కొందరు, వంశపారంపర్యమని కొందరు వాదించినారు. వంశశుద్ధి వాదులకు ఇది మంచి ఆధారంగా దొరికినది. బీదవారికి వచ్చే జబ్బు బీదవారి రక్తంలోనే ఉన్నదనడం కలవారికి ఎంత సుఖం!

1914లో ప్రభుత్వం జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే వైద్యుణ్ణి విచారణకు పంపినది. ఆయన హంగరీ ప్రాంతంలో పుట్టి, చిన్ననాడే అమెరికా చేరిన వలసకుటుంబీకుడు. పిచ్చాసుపత్రులు, అనాథశాలలు తిరిగి ఆయన గమనించిన సంగతి చాల చిన్నది. రోగులకు పెల్లాగ్రా వస్తున్నది కాని, వారిని పగలూ రాత్రీ తాకుతూ సేవచేసే దాదులకు రావడం లేదు. అంటురోగమైతే వారిని ఎందుకు వదలిపెట్టినది? ఆయన రోగుల పళ్లెంలోకి చూచినాడు. మొక్కజొన్న పిండి, బెల్లపుపాకం, పంది కొవ్వు. దాదుల పళ్లెంలో పాలు, గుడ్లు, మాంసం కూడ ఉన్నవి.

మిసిసిపీ రాష్ట్రంలోని జాక్సన్ నగరంలో రెండు అనాథశాలల పిల్లలకు పాలు, గుడ్లు, మాంసం, చిక్కుడుగింజలు పెట్టించగా పెల్లాగ్రా మాయమైనది. 1915లో అదే రాష్ట్రపు జైలు వ్యవసాయ క్షేత్రంలో, శిక్ష రద్దు చేస్తామన్న మాటమీద ముందుకు వచ్చిన ఖైదీలకు మొక్కజొన్న ప్రధానమైన బీద ఆహారాన్నే నెలలతరబడి పెట్టినారు. కడదాకా ఉన్న పదకొండుమందిలో ఆరుగురికి జబ్బు లక్షణాలు వచ్చినవి. ఈనాటి ధర్మం ఇట్టి పరీక్షను ఒప్పుకోదు. అప్పటికీ అంటురోగమనేవారు పట్టు విడువకపోవడంతో, 1916లో గోల్డ్‌బెర్గర్ రోగుల రక్తాన్ని తనకే ఎక్కించుకొన్నాడు. వారి మలమూత్రాదులను పిండిలో కలిపి మింగినాడు. ఆయన భార్య మేరీ కూడ రోగి రక్తాన్ని ఎక్కించుకొన్నది. వారికెవరికీ పెల్లాగ్రా రాలేదు.

ఆహారంలో లేనిది ఏమిటో తెలియకుండానే ఆయన 1929లో కన్నుమూసినాడు. 1937లో విస్కాన్సిన్‌లో ఎల్వెజెమ్ ఆ పదార్థం నికోటినిక్ ఆమ్లమని తేల్చినాడు. నియాసిన్ అనేది దానికే మరొక పేరు. ఆ పిమ్మట వైద్యులు దానిని రోగులకు ఇచ్చి చూచినారు. భ్రమలతో కేకలు వేస్తున్నవారు కొద్ది రోజులలోనే తమవారిని గుర్తుపట్టి మాట్లాడినారు. వంశదోషమన్న పిచ్చి ఒక విటమినుతో కుదిరినది.

ఈ కథకు మన గడ్డమీద మరొక అధ్యాయం ఉన్నది. కూనూరులో ప్రారంభమైన పోషకాహార పరిశోధనాలయం 1958లో హైదరాబాదుకు తరలివచ్చినది. 1969 నుంచి దానినే జాతీయ పోషకాహార సంస్థ అంటున్నాము. దక్కను పీఠభూమిలో జొన్నయే ముఖ్యాహారంగా బ్రతుకుతున్న బీదవారిలో పెల్లాగ్రా కనిపించడం అక్కడి శాస్త్రజ్ఞులను ఆలోచింపజేసినది. జొన్నలో ల్యూసిన్ అనే పదార్థం ఎక్కువగా ఉండి, శరీరం నియాసిన్‌ను తయారుచేసుకొనే పనికి అడ్డుపడుతున్నదేమో అని గోపాలన్, శ్రీకాంతయ్య 1960లో ప్రతిపాదించినారు. దానిని శాస్త్రలోకమంతా ఒప్పుకొనలేదు, చర్చ చాలకాలం నడచినది. 1968లో ఆ సంస్థవారే పెల్లాగ్రా రోగుల మెదడులోని విద్యుత్తరంగాలను పరిశీలించి ఫలితాలు ప్రచురించినారు. ఆ తరంగాలను మనిషి తలపైనుంచి తొలిసారి నమోదు చేసి, 1929లో లోకానికి తెలిపిన హాన్స్ బెర్గర్ జర్మనీలో మనోవ్యాధుల వైద్యుడే. మనస్సును వెతుకుతూ బయలుదేరిన ఒక వైద్యుని పరికరం, కూలివాని పళ్లెంలో కొరవడినదాని జాడను వాని మెదడులో వెతకడానికి పనికివచ్చినది. ఇందుకు జొన్నరొట్టెను నిందించనక్కరలేదు. పప్పు, ఆకుకూర, పాలు తోడైన జొన్న దివ్యమైన ఆహారమే. ఏ తోడూ లేని జొన్న గటకతోనే ఏడాది పొడవునా గడిపించిన బీదరికమే ఇక్కడ రోగకారణం.

ఈ రెండు విజయాలతో, ప్రతి మనోవ్యాధికీ ఒక క్రిమియో, ఒక విటమినో కారణంగా దొరికితీరుతుందన్న ఆశ బలపడినది. మూడవ కథ ఆ ఆశకు ఒక హద్దు చూపినది.

మొదటి ప్రపంచయుద్ధంలో, గాయమేమీ లేకుండానే వేలాది సైనికులు వణికిపోతూ, మాట పడిపోయి, చూపు పోయి, నడవలేక ఆసుపత్రులకు వచ్చినారు. చార్లెస్ మయర్స్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1915లో లాన్సెట్ పత్రికలో దీనిని షెల్ షాక్ అని పేర్కొన్నాడు. ఫిరంగి గుండు పేలిన ఊపుకు మెదడు అదిరినదని మొదట అనుకొన్నారు. కాని గుండు దగ్గరలో పేలనివారికి కూడ ఇదే బాధ. అప్పుడు లోకం మళ్లీ పాత ప్రశ్నకే పోయినది. వీరు పిరికివారు, నటిస్తున్నారు అన్నది. యుద్ధం నుంచి పారిపోవడం, పిరికితనం వంటి నేరాలకు బ్రిటిషు సైన్యం కాల్చి చంపిన సైనికులలో 306 మందికి ఆ ప్రభుత్వం 2006లో మరణానంతరం క్షమాభిక్ష ప్రకటించినది. వారందరూ మనోవ్యాధిగ్రస్తులని చెప్పలేము కాని, కొందరైనా శిక్షకు కాక చికిత్సకు తగినవారని ఆనాటి విచారణలు చదివినవారికి తోచక మానదు. ఆస్ట్రియాలోనూ ఇదే తీరు. వణుకుతున్న సైనికులకు బాధాకరమైన విద్యుత్ చికిత్స చేయించినారన్న ఫిర్యాదుమీద, మనం పైన చెప్పుకొన్న వాగ్నర్ యౌరెగ్ 1920లో విచారణను ఎదుర్కొన్నాడు. సిగ్మండ్ ఫ్రాయిడ్ అక్కడ నిపుణుడుగా అభిప్రాయం చెప్పినాడు. విచారణ సంఘం వాగ్నర్ యౌరెగ్‌ను నిర్దోషి అన్నది. ఒక జబ్బులో నిందను దాటి చూడగలిగిన వైద్యునికి కూడ, మరొక జబ్బు దగ్గర ఆ చూపు నిలుపుకొనడం ఎంత కష్టమో ఇందువల్ల తెలుస్తున్నది.

స్కాట్లండులో ఎడింబరో నగరం చెంత క్రెయిగ్‌లాకార్ట్ అనే సైనిక ఆసుపత్రి ఉండేది. 1916, 1917లలో అక్కడ పనిచేసిన డాక్టరు రివర్స్ మన దక్షిణదేశానికి కొత్తవాడు కాడు. 1901, 1902లలో నీలగిరిలో తోడా జాతివారి నడుమ ఉండి, వారిని గురించి పెద్ద గ్రంథం వ్రాసినవాడు. తీర్పు చెప్పకుండా ఎదుటివాడు చెప్పినది శ్రద్ధగా వినడం ఆ పనికి ఎంత అవసరమో, ఈ ఆసుపత్రిలోనూ అంతే అవసరమైనది.

ఆయన దగ్గరకు వచ్చిన ఒక అధికారి, పేలుడులో ఛిద్రమైన మిత్రుని దేహాన్ని చూచినాడు. రాత్రి కన్ను మూస్తే అదే దృశ్యం. అంతవరకు అందరూ ఆయనకు "అది మరచిపో, మంచి విషయాలు తలచుకో" అని హితవు చెప్పినారు. మరచిపోవాలని పగలంతా పెనుగులాడిన కొద్దీ రాత్రి కల భీకరమైనది. రివర్స్ మరచిపొమ్మనలేదు. ఆ జ్ఞాపకాన్ని ఆయనతో కలిసి నిదానంగా చూచినాడు. దేహం ఆ స్థితిలో ఉన్నదంటే మరణం క్షణంలో సంభవించి ఉంటుంది, మీ మిత్రుడు బాధపడి ఉండడు అని ఎత్తి చూపినాడు. అధికారి ముఖం తేటపడినది. కొన్ని రాత్రులు ఆ కల రాలేదు. తరువాత వచ్చినప్పుడు, కలలో ఆయన మిత్రుని వద్దకు పోయి మాట్లాడినాడు. దుఃఖం ఉన్నది, భయం లేదు. రివర్స్ వైద్యం అందరికీ ఇంత సులభంగా ఫలించలేదు. ఆ మాట కూడ ఆయనే దాచకుండా వ్రాసినాడు.

ఈ మూడు కథలు కలిపి చూస్తే, మెదడును వెదకినవారూ మనస్సును వెదకినవారూ పరస్పర విరోధులు కారని తెలుస్తుంది. ఇరుపక్షాలవారూ తప్పటడుగులు వేసినవారే. మెదడును కోసి మనోవ్యాధిని కుదర్చవచ్చునని పోర్చుగల్ వైద్యుడు ఈగాస్ మోనిజ్ 1935లో మొదలుపెట్టిన శస్త్రచికిత్సకు 1949లో నోబెల్ బహుమానం ఇచ్చినారు. ఆ చికిత్స ఎందరినో జీవచ్ఛవాలుగా చేసినదని పిమ్మట తెలిసినది. మరొక వైపు, స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన వ్యాధికి తల్లి పెంపకమే కారణమన్న ఊహ 1948లో ఒక మనోవిశ్లేషకురాలి రచనతో ప్రచారంలోకి వచ్చినది. తరువాతి పరిశోధన దానిని బలపరచలేదు. ఈలోగా ఎందరు తల్లులు ఆ నింద మోసినారో లెక్క లేదు.

ఇరవయ్యవ శతాబ్దం గడిచేకొద్దీ రెండు దారులూ దగ్గరకు వచ్చినవి. 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రోమజీన్ అనే మందు ఉన్మాద తీవ్రతను తగ్గించగలదని రుజువై, ఔషధ చికిత్సకు తలుపు తెరిచినది. ఒక విషయాన్ని నేర్చుకొన్నప్పుడు నాడీకణాల నడుమ కూడళ్లే మారుతవని సముద్రపు నత్తలలో చూపిన ఎరిక్ కాండెల్‌కు 2000లో నోబెల్ బహుమానం వచ్చినది. మనస్తత్వ వైద్యుడుగా శిక్షణ పొందిన మనిషే ఆయన కూడ. 1992లో లాస్ ఏంజలీస్ పరిశోధకులు, అదుపులేని ఆలోచనలతో చేసినదే చేస్తూ బాధపడే రోగులను రెండు జట్లుగా పరిశీలించినారు. ఒక జట్టుకు మందు, మరొక జట్టుకు మాటలతో, అభ్యాసంతో చికిత్స. కోలుకొన్నవారిలో, ఏ జట్టువారైనా సరే, మెదడులోని ఒకే భాగంలో ఒకే విధమైన మార్పు కనిపించినది. అంటే మాట కూడ మెదడును చేరుతుంది. మందు కూడ మనస్సును చేరుతుంది. "మెదడు జబ్బా, మనస్సు జబ్బా?" అన్న ప్రశ్నలో ఉన్న "లేక" అన్న భావమే సరికాదేమో.

పారసిస్‌కు, పెల్లాగ్రాకు దొరికినట్లు నేటి పెక్కు మనోవ్యాధులకు ఒకే కారణం దొరకలేదు. వంశపారంపర్యం కొంత, గర్భంలోను బాల్యంలోను జరిగినవి కొంత, పడిన కష్టాలు కొంత కలిసి పనిచేస్తవని శాస్త్రం చెప్తున్నది. వంశంలో ఉన్నంతమాత్రాన జబ్బు వచ్చితీరాలని లేదు. వచ్చినంతమాత్రాన ఎవరో పాపం చేసినారనీ కాదు. మన దేశంలో 1912 నాటి చట్టం పేరులోనే ఉన్మత్తత అన్న ముద్ర ఉండేది. 1987లో దాని స్థానంలో మానసిక ఆరోగ్యం పేరుతో మరొక చట్టం వచ్చినది. 2017 నాటి చట్టం మనోవ్యాధికి చికిత్స పొందడం ప్రతి మనిషి హక్కని అన్నది. నూరేండ్లలో చట్టం భాష మారినది. మన వీధి భాష అంతగా మారవలసి ఉన్నది.

పేరు వ్రాయని ఆ ఉత్తరానికి జవాబు పంపే చిరునామా నాకు లేదు. ఈ పుటయే నా జవాబు. అయ్యా, అమ్మా, మీరెవరైనా సరే, తప్పెవరిదన్న విచారణను ఈ రోజుతో ముగించండి. అబ్బాయి ఎప్పటినుంచి మారినాడు, నిద్ర ఎలా ఉన్నది, ఏమి తింటున్నాడు, ఏ జ్వరం వచ్చినది, ఏ దెబ్బ తగిలినది, ఏ దుఃఖం పడినాడు, ఇవన్నీ ఒక కాగితంమీద వ్రాసుకొని వైద్యుని వద్దకు తీసుకొని వెళ్లండి. గోల్డ్‌బెర్గర్ అడిగినవి ఇటువంటి ప్రశ్నలే, రివర్స్ అడిగినవీ ఇటువంటివే. మరొక్క మనవి. ఈసారి ఉత్తరం వ్రాసినప్పుడు, మధుమేహాన్ని గురించి వ్రాసే శ్రోతలవలె, కింద మీ పేరు కూడ వ్రాయండి.